చైనీస్ మాటలు గుర్తుండాలంటే: ఏ పద్ధతి ఎవరికి?

చైనీస్ నేర్చుకుంటున్నామని చెబితే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్ని వేల అక్షరాలు ఎలా గుర్తుంటాయి?" వంద మాటలు దాటాక మనకూ అదే అనుమానం మొదలవుతుంది. సలహా అడిగితే ఒకరు కథలు కట్టుకోమంటారు. ఒకరు చేత్తో యాభైసార్లు రాయమంటారు. ఒకరు ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ లేకపోతే బతుకే లేదంటారు. ఇంకొకరు ఇవేవీ వద్దు, సీరియళ్లు చూడు చాలంటారు. నలుగురూ తమకు పనిచేసిందే చెబుతున్నారు, అబద్ధం కాదు. కానీ మనకు ఏది పనిచేస్తుందో తెలియాలంటే ముందు మన మాటలు ఎక్కడ జారిపోతున్నాయో చూసుకోవాలి.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. ఇక్కడ చైనీస్ మాటలను పిన్‌యిన్‌కు దగ్గరగా తెలుగులో రాసి, పక్కన టోన్ (గొంతు ఎత్తుపల్లం) అంకె వేశాను. పిన్‌యిన్ అంటే చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి, 1958లో చైనా ఆమోదించింది. అంకె 1 అంటే ఎత్తు గొంతులో సమంగా సాగేది, 2 అంటే పైకి లేచేది, 3 అంటే కిందికి దిగేది, 4 అంటే టక్కున పడేది. అంకె లేని చోట తేలిక టోన్.

## ముందు రెండు లెక్కలు

విదేశీయులు చైనీస్ నేర్చుకోవడానికి చైనా 2021లో కొత్త ప్రమాణాలు తెచ్చింది. మొత్తం తొమ్మిది స్థాయిలు. అన్నీ కలిపి 11,092 మాటలు, 3,000 అక్షరాలు, 1,110 ధ్వనులు (టోన్‌తో కలిపి లెక్కిస్తే). ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి.

మూడు వేల అక్షరాలతో పదకొండు వేల మాటలు తయారవుతున్నాయి. అంటే ఒక అక్షరం గట్టిగా వస్తే అది ఎన్నో మాటల్లో అక్కరకొస్తుంది. ఇది మనకు లాభం. మరోపక్క మూడు వేల అక్షరాలు పదకొండు వందల ధ్వనుల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఒకే శబ్దానికి ఎన్నో అక్షరాలు. టోన్ వదిలేస్తే ధ్వనులు నాలుగు వందలకు పడిపోతాయి, గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఇది నష్టం. పద్ధతిని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే: అది ఈ లాభాన్ని వాడుకుంటోందా, ఈ నష్టం నుంచి కాపాడుతోందా?

## ఎక్కడ కారుతోంది?

మూడు నాలుగు వారాల క్రితం నేర్చుకున్న మాటలు ఇరవై తీసుకోండి. నిన్నటివి వద్దు, అవి ఎలాగూ గుర్తుంటాయి. ఒక్కో మాటకు నాలుగు పరీక్షలు పెట్టుకోండి: అక్షరం చూసి అర్థం చెప్పగలరా, విని అర్థం చెప్పగలరా, తెలుగు మాట చూసి టోన్‌తో సహా పలకగలరా, చేత్తో రాయగలరా. ఒక్కో పరీక్షకు ఒక్కో వరస గీసుకుని, రానిదానికి సున్నా వేయండి. అరగంట పని. ఏ వరసలో సున్నాలు ఎక్కువ పడ్డాయో అదే మీ చిల్లు.

నేను చూసినంతలో తెలుగువాళ్లకు ఎక్కువగా మూడో వరసలో సున్నాలు పడతాయి. మాట గుర్తుంటుంది, టోన్ ఉండదు. ఇందులో వింత లేదు. మన భాషలో గొంతు ఎత్తు కోపానికీ, ప్రశ్నకూ, ఆశ్చర్యానికీ పనికొస్తుంది తప్ప మాట అర్థాన్ని మార్చదు. అందుకని మెదడు దాన్ని అనవసరమైనదిగా లెక్కేసి పక్కన పడేస్తుంది. తాంగ్1 అంటే సూపు, తాంగ్2 అంటే పంచదార. నేను హోటల్లో సూపు అడిగితే పంచదార గిన్నె తెచ్చి పెట్టారు. ష్వేయ్3 జ్యావ్3 అంటే ఉడికించిన కుడుముల్లాంటి వంటకం, ష్వేయ్4 జ్యావ్4 అంటే నిద్రపోవడం. ఆ హోటల్లోనే ఈ రెండో తప్పు కూడా చేసి ఉంటాను, వాళ్లు మర్యాదగా ఊరుకుని ఉంటారు.

కాబట్టి కింద ఒక్కో పద్ధతినీ ఐదు విషయాల్లో తూచాను: అర్థం నిలుపుతుందా, టోన్ నిలుపుతుందా, అక్షరం రూపం నిలుపుతుందా, మాట్లాడేటప్పుడు నాలుక మీదికి వస్తుందా, నెల రోజులు మానేస్తే ఎంత మిగులుతుంది.

## పదే పదే రాయడం, వల్లె వేయడం

మనకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. ఎక్కాలు ఇలాగే వచ్చాయి, వేమన పద్యాలు ఇలాగే వచ్చాయి, కాబట్టి చైనీస్ కూడా వస్తుందనుకుంటాం. కానీ పద్యానికి ఛందస్సు ఉంది. ఒక పాదం చివర ఆగితే తర్వాతి పాదాన్ని యతి, ప్రాస లాక్కొస్తాయి. మాటల జాబితాకు ఆ తీగ లేదు. జాబితాను వరసగా వల్లె వేస్తే వరసలోనే వస్తుంది, మధ్యలో ఒక మాటను బయట ఎవరైనా పలికితే గుర్తుపట్టలేం. లాంగ్‌బుక్ నిండా ముప్పై అక్షరాలు ఒక్కోటి యాభైసార్లు రాసినవాణ్ని నేను. ఇరవయ్యోసారి దాటాక చెయ్యి రాస్తూనే ఉంటుంది, మనసు మాత్రం రాత్రి కూరేమిటా అని ఆలోచిస్తూ ఉంటుంది.

అలాగని రాయడం దండగ కాదు. గీతల వరస చేతికి అలవాటైతే ఒకే పోలిక ఉన్న అక్షరాలు విడివిడిగా కనపడతాయి. రాసే తీరు మారిస్తే చాలు. మూడుసార్లు చూసి రాయండి, తర్వాత మూసేసి రాయండి, అరగంట తర్వాత మళ్లీ మూసేసి రాయండి. చూసి రాసిన యాభై కంటే చూడకుండా రాసిన మూడు నయం. ప్రతిసారీ టోన్‌తో పైకి పలుకుతూ రాయండి.

ఎంత రాయాలన్నది మరో ప్రశ్న. ఆ 2021 ప్రమాణాలే చదవడానికి 3,000 అక్షరాలు అడిగి, చేత్తో రాయడానికి 1,200 చాలంటాయి. ఫోన్‌లో పిన్‌యిన్ కొడితే అక్షరాలు వరసగా వస్తాయి, సరైనది ఎంచుకుంటే సరిపోతుంది. చైనావాళ్లకే చేతిరాత మరుగున పడుతోంది. దానికి వాళ్ల సామెతలాంటి మాట ఒకటుంది: తీ2 బి3 వాంగ్4 జ్4, అంటే కలం ఎత్తగానే అక్షరం మరచిపోవడం. వాళ్లకే లేని పట్టుదల మనకెందుకు? పరీక్షలో రాతభాగం ఉంటే తప్ప, మొదటి మూడు నాలుగు వందల అక్షరాలు చేత్తో రాసి అక్కడ ఆపేయవచ్చు.

## కథలు కట్టుకోవడం

కొనడం మాయ్3, అమ్మడం మాయ్4. సరళీకృత లిపిలో కొనడానికి వాడే అక్షరం నెత్తిన పది అంకె (చైనీస్‌లో పది కూడిక గుర్తులా ఉంటుంది) పెడితే అమ్మడం అవుతుంది. వ్యాపారి కొన్నాడు, పైన పది వేసుకుని అమ్మాడు. ఇంతే కథ. ఒక్కసారి విన్నవాళ్లు ఆ రెండు అక్షరాల రూపం మళ్లీ మరచిపోరు. ఇది అక్షరం పుట్టిన చరిత్ర కాదని మాత్రం గుర్తుంచుకోండి. తైవాన్, హాంకాంగ్‌లో వాడే పాత లిపిలో ఆ అక్షరం వేరేగా ఉంటుంది, అక్కడ ఈ కథ చెల్లదు.

కథల బలం ఇక్కడే ఉంది. నిమిషంలో పుడుతుంది, అర్థాన్నీ రూపాన్నీ కలిపి కట్టేస్తుంది, నెలలు మానేసినా మిగులుతుంది. శబ్దానికి కూడా తెలుగు మాటల్ని వాడుకోవచ్చు. నీ3 అంటే నువ్వు. నీ3 ద అంటే నీది. దీనికి కథ కూడా అక్కర్లేదు. గోవ్3 అంటే కుక్క. గోవు అనిపించిందా, గోవును కుక్క తరుముతోందని ఊహించుకోండి. చా2 మన చాయే, నిజంగా అక్కడి నుంచి ఊళ్లు తిరిగి వచ్చిన మాట. బౌద్ధంతో పాటు సంస్కృతం నుంచి అటు వెళ్లినవి కొన్ని ఉన్నాయి: మల్లిక వాళ్ల దగ్గర మొ4 లి4 అయింది, క్షణం ఛా4 నా4 అయింది, ధ్యానం ఛాన్2 అయింది. మల్లెపూల టీ పొట్లం కొన్నప్పుడల్లా నాకు చుట్టాన్ని చూసినట్టు ఉంటుంది.

ఇక బలహీనత. తెలుగు మాటతో ముడిపెట్టినప్పుడు తెలుగు ఉచ్చారణే నాలుక మీద కూర్చుంటుంది. పిన్‌యిన్‌లో సి-ఏ-ఐ అని కనిపించే మాటకు కూరగాయ అని అర్థం. చూడగానే "కాయ్, అంటే మన కాయే" అనుకుంటాం. భలే కుదిరింది అనుకునేలోపే తప్పు జరిగిపోతుంది, ఎందుకంటే దాని అసలు పలుకు త్సాయ్4. పిన్‌యిన్‌ను కంటితో చదివి కథ కట్టకండి. ముందు చెవితో విని, ఆ తర్వాత కట్టండి.

ఇంకో పెద్ద లోటు, మామూలు కథలో టోన్ ఉండదు. దీనికి నేను వాడే ఉపాయం ఒక ఇల్లు. ఒకటో టోన్ డాబా మీద, అది చదునుగా ఉంటుంది కాబట్టి. రెండోది మెట్ల మీద, ఎక్కుతాం కాబట్టి. మూడోది బావి దగ్గర, చేద కిందికి దిగుతుంది కాబట్టి. నాలుగోది కొబ్బరిచెట్టు కింద, కాయ దబ్బున పడుతుంది కాబట్టి. ప్రతి కథనూ ఆ మాట టోన్ ఉన్న చోటే జరిపించాలి. కొనేవాడు బావి గట్టు మీద బేరమాడుతున్నాడు, అమ్మేవాడు కొబ్బరిచెట్టు కింద దుకాణం పెట్టాడు, నెత్తిన కాయ పడింది. కుక్క గోవును బావి చుట్టూ తరిమింది. మీ ఊళ్లో మీకు బాగా తెలిసిన ఇల్లయితే ఇంకా మంచిది.

ఒంటి అక్షరం మాటలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. రెండక్షరాల మాటలకు వచ్చేసరికి ఒకే కథలో డాబా నుంచి బావికి పరుగెత్తాలి, ఆయాసం ఎక్కువ. చైనీస్‌లో ఎక్కువ మాటలు రెండక్షరాలవే. పైగా మాట్లాడే వేగంలో బావి, కొబ్బరిచెట్టు గుర్తు చేసుకునేంత తీరిక దొరకదు. అందుకే ఎంత చెప్పినా నిలవని మొండి మాటలకు మాత్రమే కథ కట్టమంటాను. పది మాటల్లో రెండు మూడు అలాంటివి ఉంటాయి. పదికి పదీ కథలు కట్టేవాళ్లు చివరికి కథకులు అవుతారు, చైనీస్ మాత్రం రాదు.

## అక్షరాన్ని విడదీసి చూడడం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి, కాబట్టి ఇక్కడ నా మాటను కాస్త తగ్గించుకుని చదవండి.

చైనీస్ అక్షరాలు బొమ్మలని చాలామంది అనుకుంటారు. రెండు చెట్లు పక్కపక్కన ఉంటే వనం, మూడుంటే అడవి లాంటివి నిజంగానే ఉన్నాయి, కానీ అవి కొద్ది. అక్షరాల్లో అధికభాగం రెండు ముక్కల జంటలు. ఒక ముక్క అర్థం ఏ వైపుదో చెబుతుంది, రెండోది శబ్దం ఎలా ఉంటుందో సూచిస్తుంది. బావ్1 అనే అక్షరం చూడండి. చుట్టడం, మూట, సంచి అని అర్థం. దాని పక్కన తిండి గుర్తు చేరితే బావ్3, కడుపు నిండడం. చెయ్యి గుర్తు చేరితే బావ్4, కౌగిలించుకోవడం. పాదం చేరితే పావ్3, పరుగెత్తడం. నీళ్లు చేరితే పావ్4, నానబెట్టడం. నిప్పు చేరితే అదే పావ్4, ఫిరంగి. ఒక మూటలోంచి ఆరు మాటలు.

గుణింతం నేర్చుకున్నవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా ఉండదు, తలకట్టు తీసి కొమ్ము పెడితే మాట మారడం మనం చూస్తూనే పెరిగాం. తేడా ఏమిటంటే మన గుణింతం ఎప్పుడూ తప్పదు, వాళ్ల శబ్దపు ముక్క ఒక్కోసారి మొహం చాటేస్తుంది. వేల ఏళ్లలో ఉచ్చారణ మారిపోయింది, ముక్క మాత్రం అలాగే ఉండిపోయింది. పైన చూడండి, బ కాస్తా ప అయింది, టోన్ ఇష్టం వచ్చినట్టు మారింది. శబ్దపు ముక్క టోన్‌ను నమ్మకంగా చెప్పదు. ఈ పద్ధతికి అదే పెద్ద లోటు.

రెండో లోటు ఎవరూ ముందుగా చెప్పరు. ఆరు అన్నదమ్ముల్ని ఒకే రోజు పరిచయం చేసుకుంటే ఎవరి పేరు ఎవరిదో కలిసిపోతుంది. దగ్గరి పోలిక ఉన్న కొత్త మాటల్ని ఒకేసారి నేర్చుకుంటే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. కొనడం, అమ్మడం కూడా అంతే. అందుకని మొదటి మూడు వందల అక్షరాల వరకు ఈ పద్ధతి జోలికి పోకండి. ఆ తర్వాత రివిజన్‌కు వాడండి: ఎప్పుడో విడివిడిగా నేర్చుకున్న కడుపు నిండడం, పరుగెత్తడం, కౌగిలింత ఒకే కుటుంబం అని తెలిసిన రోజున మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

అర్థం చెప్పే గుర్తులు మాత్రం మొదటి వారంలోనే నేర్చుకోవచ్చు. 1716లో వచ్చిన కాంగ్షీ నిఘంటువు అక్షరాలను 214 గుర్తుల కింద వర్గీకరించింది. అన్నీ అక్కర్లేదు. నీళ్లు, నిప్పు, చెట్టు, చెయ్యి, నోరు, మనసు, మాట, మనిషి, స్త్రీ, లోహం, గడ్డి, పాదం, తిండి, జబ్బు లాంటివి ఓ నలభై వస్తే రోజువారీ బండి నడుస్తుంది.

ఇదే పద్ధతి అక్షరం నుంచి మాటకు ఎక్కితే ఇంకా తేలిక. ద్యెన్4 అంటే కరెంటు. కరెంటు మాట, ద్యెన్4 హ్వా4, అంటే టెలిఫోన్. కరెంటు మెదడు, ద్యెన్4 నావ్3, అంటే కంప్యూటర్. కరెంటు నీడ, ద్యెన్4 యింగ్3, అంటే సినిమా. కరెంటు నిచ్చెన, ద్యెన్4 తీ1, అంటే లిఫ్ట్. పదకొండు వేల మాటలకు మూడు వేల అక్షరాలు ఎలా సరిపోతాయో ఇక్కడ తెలుస్తుంది. కొత్త మాట నేర్చుకున్నప్పుడు అందులోని ఒక్కో అక్షరం అర్థం కూడా చూసుకోవడం అలవాటు చేసుకోండి. ప్లెకో లాంటి నిఘంటువు యాప్‌లో అక్షరం నొక్కితే దానితో మొదలయ్యే మాటలన్నీ వస్తాయి. అర నిమిషం పని, ఫలితం ఏళ్ల తరబడి.

## ఫ్లాష్‌కార్డులు, విరామం పెంచుతూ పోవడం

జర్మనీలో ఎబింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, మరపు మొదట్లో వేగంగానూ తర్వాత నిదానంగానూ సాగుతుందని 1885లో అచ్చువేశాడు. మరచిపోబోయే ముందు ఒకసారి తట్టి లేపితే ఈసారి మరింత కాలం నిలుస్తుందన్నది ఈ కార్డుల వెనుక ఉన్న సూత్రం. 1972లో లైట్నర్ అనే రచయిత దీన్ని అట్టపెట్టెతో చేసి చూపించాడు: వచ్చిన కార్డు వెనక అరలోకి, రాని కార్డు మళ్లీ మొదటి అరలోకి. ఇప్పుడు ఆ లెక్కంతా ఆంకీ లాంటి యాప్‌లు చేస్తాయి. ఆంకీ కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు పెట్టి కొనాలి. యాప్ ఇష్టం లేకపోతే చెప్పుల డబ్బాలో ఐదు అరలు చేసుకున్నా ఇదే పని జరుగుతుంది.

మరపును ఆపడంలో దీనికి సాటి లేదు. కానీ ఇది గుర్తుంచే పద్ధతి, నేర్పే పద్ధతి కాదు. అసలు తలకెక్కని మాటను కార్డులో పెడితే ఇరవైసార్లు వచ్చి ఇరవైసార్లు పోతుంది, టెన్షన్ మాత్రం మిగులుతుంది. ముందు కథతోనో, ముక్కలతోనో, వాక్యంతోనో నేర్చుకుని ఆ తర్వాతే కార్డు చేయాలి.

లెక్క కూడా ముందే చూసుకోవాలి. రోజుకు పది కొత్త మాటలు, ఒక్కో మాటకు చైనీస్ నుంచి తెలుగుకు ఒకటి, తెలుగు నుంచి చైనీస్‌కు ఒకటి చొప్పున రెండు కార్డులు. రెండు నెలలు తిరిగేసరికి రోజూ వచ్చే పాత కార్డులు వంద దాటుతాయి. ఒక్కో కార్డుకు ఎనిమిది సెకన్లు అనుకున్నా పదమూడు నిమిషాలు. రోజుకు ఇరవై మాటలంటే ఇది రెట్టింపు. పండక్కి ఐదు రోజులు ఊరెళ్తే కుప్ప కూర్చుని ఉంటుంది. మొదటి వారం ఉత్సాహంలో రోజుకు ముప్పై పెట్టి, మూడో నెలలో యాప్ తీసేసేవాళ్లే ఎక్కువ.

కార్డు చేసేటప్పుడు మూడు జాగ్రత్తలు. శబ్దం తప్పకుండా ఉండాలి, శబ్దం లేని చైనీస్ కార్డు సగం కార్డు. టోన్ తప్పు చెబితే మొత్తం తప్పు కింద లెక్క వేయాలి, "మాట వచ్చింది కదా" అని మన్నించకూడదు. ఒంటి మాట బదులు చిన్న పదబంధం పెట్టాలి: పుస్తకం బదులు ఒక పుస్తకం. చైనీస్‌లో వస్తువును బట్టి లెక్కపెట్టే మాట మారుతుంది, పుస్తకానికి బెన్3, టికెట్టుకు జాంగ్1. మనకు ఇద్దరు మనుషులు, రెండు కుర్చీలు అన్న తేడా ఉన్నట్టే, ఇంకా ఎక్కువ రకాలు.

## వాక్యాల్లో వినడం, చదవడం

"సీరియళ్లు చూడు చాలు" అనేవాళ్ల మాటలో సగం నిజం ఉంది. టోన్ చెవిలో నిలవడానికీ, నోరు తిరగడానికీ దీన్ని మించింది లేదు. మాట ఒంటరిగా ఉన్నప్పటి టోన్ వాక్యంలో మారుతుంది కూడా. రెండు మూడో టోన్‌లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్ అవుతుంది. నీ3 హావ్3 అని రాసినా పలికేది నీ2 హావ్3. కార్డులకు ఇది తెలియదు, చెవికి తెలుస్తుంది.

మిగతా సగం ఏమిటంటే, మొదటి అయిదారు వందల మాటలు లేకుండా సీరియల్ చూస్తే అది చైనీస్ పాఠం కాదు, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్ల పాఠం. చైనీస్ రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, మాట ఎక్కడ ముగిసిందో తెలియాలన్నా చాలా మాటలు ముందే వచ్చి ఉండాలి. వంద మాటల్లో రెండు మూడింటికి మించి తెలియనివి ఉంటే ఆ పాఠం పక్కన పెట్టి తేలికైనది తీసుకోండి. నేర్చుకునేవాళ్ల కోసమే కొద్ది మాటలతో రాసిన కథల పుస్తకాలు దొరుకుతాయి. పిల్లల పుస్తకాలు తేలిగ్గా ఉంటాయనుకుంటాం కానీ వాటిలో కప్ప, గొల్లభామ, మంత్రదండం ఉంటాయి, టికెట్టు కౌంటరు ఉండదు.

రోజుకు ఒక చిన్న వాక్యం విని, వెంటనే అదే వేగంతో, చేత్తో టోన్ గాల్లో గీస్తూ పలకండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

## తెలుగులో రాసుకోవచ్చా?

చాలామంది అడిగేదే. నా సమాధానం: రెండు వారాలు రాసుకోండి, ఆ తర్వాత మానేయండి. తెలుగు లిపికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. పిన్‌యిన్‌లో బి అని రాసేది నిజానికి మన ప కు దగ్గర, పి అని రాసేది ప కు గట్టిగా ఊపిరి కలిపితే వచ్చేది. డి, టి ల మధ్య, జి, కె ల మధ్య కూడా అంతే, క, ఖ ల తేడా లాంటిది. వత్తులు పలకడం మరచిపోయిన మనకు చైనీస్ వాటిని తిరిగి నేర్పుతుంది. పిన్‌యిన్ జెడ్ దాదాపుగా మన చలి, చాప మాటల్లోని దంత్య చ. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. పైన నేను బావ్, పావ్ అని రాసింది పిన్‌యిన్ అక్షరాలను పట్టి రాసిందే, చెవికి వినిపించేది పావ్, ఫావ్ లకు (ఇంగ్లిష్ ఎఫ్ కాదు) దగ్గర. అయితే ఫోన్‌లో టైపు చేయాలన్నా, నిఘంటువు చూడాలన్నా పిన్‌యిన్ కావాలి, తెలుగు లిపిలో టోన్‌కు చోటూ లేదు. ఊతకర్రగా వాడి వదిలేయాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | అర్థం | టోన్ | రూపం | నాలుక మీదికి | నెల మానేస్తే | కొత్త మాటకు పట్టే సమయం |
|---|---|---|---|---|---|---|
| చూసి రాయడం, వల్లె వేయడం | కొంత | తక్కువ | బాగా | తక్కువ | చాలా పోతుంది | 5 నిమిషాల పైన |
| మూసి రాయడం | కొంత | పలుకుతూ రాస్తే కొంత | చాలా బాగా | తక్కువ | కొంత మిగులుతుంది | 2, 3 నిమిషాలు |
| మామూలు కథ | చాలా బాగా | లేదు | బాగా | తక్కువ | బాగా మిగులుతుంది | 1, 2 నిమిషాలు |
| ఇంటి చోట్లతో కథ | చాలా బాగా | బాగా | బాగా | కొంత | బాగా మిగులుతుంది | 2, 3 నిమిషాలు |
| ముక్కలు, కుటుంబాలు | బాగా | తక్కువ | చాలా బాగా | కొంత | బాగా మిగులుతుంది | అర నిమిషం (300 అక్షరాల తర్వాత) |
| శబ్దంతో ఫ్లాష్‌కార్డులు | బాగా | బాగా | కొంత | కొంత | కార్డులు పేరుకుపోతాయి | రోజూ కొన్ని సెకన్లు |
| వాక్యాలు వినడం, చదవడం | కొంత | చాలా బాగా | కొంత | చాలా బాగా | చెవి మిగులుతుంది | లెక్క కట్టలేం |

సమయాలు నా అనుభవం నుంచి వేసినవి, మీకు అటూ ఇటూ ఉండొచ్చు. అన్ని గడుల్లోనూ "బాగా" ఉన్న వరస ఒక్కటీ లేదు, కాబట్టి రెండు కలపక తప్పదు. మూడు కలిపితే మాత్రం ఏదీ సాగదు.

## మీరు ఎవరు?

చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లు. పాఠాలు ఇంగ్లిష్‌లో అయినా రోగులు చైనీస్‌లోనే మాట్లాడతారు. చాలా వైద్య విశ్వవిద్యాలయాలు హెచ్‌ఎస్‌కే (విదేశీయులకు పెట్టే చైనీస్ పరీక్ష) నాలుగో స్థాయి అడుగుతాయి, పాత పద్ధతిలో అది 1,200 మాటలు. మీకు ముక్కల పద్ధతి వరం. యెన్2 అంటే వాపు, ఆ అక్షరం ఒక నిప్పు మీద ఇంకో నిప్పు. ఊపిరితిత్తుల తర్వాత అది చేరితే న్యుమోనియా (ఫేయ్4 యెన్2), కాలేయం తర్వాత చేరితే హెపటైటిస్ (గాన్1 యెన్2), కడుపు తర్వాత చేరితే గ్యాస్ట్రైటిస్ (వేయ్4 యెన్2). అవయవాల పేర్లు వస్తే సగం వార్డు వచ్చినట్టే. దీనికి తోడుగా కార్డులు కాదు, వాక్యాలు వినడం పెట్టుకోండి. ముసలమ్మ నొప్పి ఎక్కడో చెబుతున్నప్పుడు కార్డు తిప్పే సమయం ఉండదు. ఆమె మాట్లాడేది ఆ ఊరి యాస అయితే పుస్తకం చైనీస్ ఎలాగూ సరిపోదు.

సరుకు కొనడానికి గ్వాంగ్‌జౌ, యీవూ వెళ్లేవాళ్లు. అక్షరాలు వదిలేయండి, నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఎనభై వాక్యాలు చెవితో నేర్చుకోండి. అంకెల మీద సగం సమయం పెట్టండి, ఎందుకంటే నాలుగు (స్4), పది (ష్2) చెవికి ఒకేలా తగులుతాయి, నష్టం నేరుగా జేబుకే. వాళ్లు పదివేలను ఒక లెక్కగా, వాన్4 అని పిలుస్తారు. లక్ష అంటే వాళ్లకు పది వాన్4. ఈ మార్పిడి మాత్రం వల్లె వేసి నేర్చుకోవచ్చు, ఎక్కాల్లాంటిదే కదా. ఒంటి చేత్తో పది వరకు చూపే సైగలు కూడా నేర్చుకోండి: బొటనవేలు, చిటికెన వేలు చాపితే ఆరు.

పరీక్ష తేదీ దగ్గరున్నవాళ్లు. కార్డులు, మొండి మాటలకు కథలు. అంతకుమించి ఆలోచించకండి. పరీక్ష కంప్యూటర్ మీదా కాగితం మీదా అన్నది ముందే చూసుకోండి. కంప్యూటర్ మీద అయితే టైపింగే, చేతిరాత సాధన సమయం అంతా మిగులుతుంది. కొత్త మాటలు పరీక్షకు రెండు వారాల ముందు ఆపేయండి.

సీరియళ్ల మీద ఇష్టంతో మొదలుపెట్టినవాళ్లు. మీకు తొందర లేదు, అదే మీ బలం, అదే బలహీనత. మొదటి ఐదు వందల మాటలకు రోజుకు ఐదు చొప్పున కార్డులు పెట్టుకోండి, మూడు నెలల పైచిలుకు పడుతుంది. తర్వాత కార్డులు తగ్గించి చదవడం, వినడంలోకి వెళ్లండి. చారిత్రక సీరియల్ అయితే అందులో రాజుగారి దగ్గర మాట్లాడే భాష బజార్లో మాట్లాడితే జనం వింతగా చూస్తారు.

సింగపూర్ లాంటి చోట బడిలో చైనీస్ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు. మీకు చైనీస్ రాకపోయినా పరవాలేదు. పిల్లలు బడిలో రాస్తూనే ఉంటారు, ఇంట్లో ఇంకా రాయించకండి. మూసి రాయడం రెండు మూడు సార్లు, అంతే. కథలు మాత్రం మీరే కట్టండి, బావి, కొబ్బరిచెట్టు అమ్మమ్మగారి ఊళ్లోవి అయితే పిల్లలు వాటిని వదలరు. ఆ ఊరు కూడా గుర్తుంటుంది.

ఏడాది మానేసి తిరిగి వచ్చినవాళ్లు. యాప్ తెరిస్తే రెండు వేల కార్డులు ఎదురుచూస్తూ ఉంటాయి. వాటిని పూర్తి చేయాలని కూర్చోకండి. పాత పెట్టెను పక్కన పడేసి, మీకు ఒకప్పుడు తేలిగ్గా వచ్చిన పాఠం ఒకటి తీసి వారం రోజులు చదవండి, వినండి. కొత్త మాట ఒక్కటీ వద్దు. ఆ వారంలో తగిలినా గుర్తురాని మాటల్ని మాత్రం ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. రెండు వేలల్లో ఏవి నిజంగా పోయాయో ఆ కాగితం చెబుతుంది, కొత్త పెట్టె దానితోనే మొదలుపెట్టండి.